దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వకపోతే: కథోలిక సంస్కారాల్లో సంకల్పం

నెలలు నిండని బిడ్డను ఎత్తుకుని నెల్లూరు నుంచో, సూళ్ళూరుపేట నుంచో చెన్నై ఆసుపత్రులకు పరుగెత్తే తెలుగు కుటుంబాలు కొత్త కాదు. అలాంటి ఒక కథోలిక కుటుంబాన్ని ఊహించుకుందాం. మరియా అని పేరు పెట్టిన పాప ఎన్‌ఐసీయూలో అద్దాల పెట్టెలో ఉంది. తల్లి ఇంకా ఆపరేషన్ వార్డులోనే ఉంది. రాత్రి రెండు దాటాక మానిటర్ మీద ఆక్సిజన్ అంకెలు పడిపోతున్నాయి. తండ్రికి లోపలికి వెళ్ళే అనుమతి లేదు. ఫాదర్‌గారికి ఫోన్ చేస్తే రావడానికి గంట పడుతుందన్నారు. డ్యూటీలో ఉన్న నర్సు తెలుగమ్మాయి, హిందువు. తండ్రి చేతులు జోడించి అడుగుతాడు: "సిస్టర్, పాప తల మీద కొంచెం నీళ్ళు పోసి ఈ కాగితం మీద ఉన్న మాట చదవండి." ఆమె స్టెరైల్ వాటర్‌ను సిరంజిలోకి తీసుకుని, పాప నుదుటి మీద మూడుసార్లు సన్నని ధారగా వదులుతూ చదువుతుంది: "మరియా, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను."

ఆ పాపకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, అయినట్టేనా? ఆ నర్సు చర్చి గడప తొక్కిన మనిషి కాదు. క్రీస్తు మీద ఆమెకు విశ్వాసమూ లేదు. అయినా కథోలిక తిరుసభ (చర్చి) జవాబు సూటిగా ఉంటుంది: అయినట్టే. నీళ్ళు, మాటలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఇక చూడాల్సింది ఒక్కటే. ఆమె "తిరుసభ చేసేది చేయాలి" అనుకుని చేసి ఉండాలి. దీన్నే సంస్కారం ఇచ్చేవారి సంకల్పం అంటారు. వినడానికి చిన్న షరతే అయినా దీని వెనక పదహారు వందల ఏళ్ళకు పైబడ్డ తగువు ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అని మన సామెత. నడిమి మనిషి మొండికేస్తే పైవాడి దయ కూడా కిందికి దిగదని అందులోని బాధ. జ్ఞానస్నానం, పూజ, వివాహం లాంటి ఏడు దివ్యసంస్కారాలూ మనుషుల చేతుల మీదుగానే అందుతాయి కాబట్టి కథోలికుల్లోనూ ఈ భయం పుట్టడం సహజం. ఫాదర్ మనసు పెట్టకపోతే? అసలు నమ్మకుండానే చేస్తుంటే? సంకల్పం గురించిన బోధన ఈ భయానికి జవాబు చెప్పాలని చూసింది. చాలావరకు చెప్పగలిగింది కూడా. ఒక్క మూల మాత్రం ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. ఆ సంగతి తరువాత.

ముందు మాటను సరిచూసుకోవాలి. చెన్నై విచారణల్లో (పారిష్ చర్చిల్లో) ఇంటెన్షన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆఫీసు బల్ల మీది నోట్‌బుక్. "మా నాయనమ్మ ఆత్మశాంతి కోసం", "అబ్బాయి వీసా కోసం" అని రాయించి, కానుక ఇచ్చి పూజ (మాస్) చెప్పిస్తారు. అది పూజాఫలాన్ని ఎవరి కోసం అర్పిస్తున్నారో చెప్పే ఇంటెన్షన్. గుమాస్తా ఆ పేరు రాయడం మర్చిపోయినా పూజ పూజే. ఇక్కడ మాట్లాడుతున్న సంకల్పం వేరు. ఇది లేకపోతే పూజే జరగనట్టు. వ్రతానికి ముందు పురోహితుడు అక్షతలు పట్టించి, దేశం, కాలం, గోత్రనామాలు పలికించి చెప్పించే సంకల్పంతోనూ దీన్ని కలపకూడదు. కథోలిక సంస్కారంలో సంకల్పాన్ని విడిగా పలికే చోటంటూ ఉండదు. చేసే పనిలోనే, పలికే మాటలోనే అది కలిసి ఉంటుంది.

తగువు మొదలైంది ఉత్తర ఆఫ్రికాలో. 303లో రోము చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల పవిత్ర గ్రంథాలను స్వాధీనం చేసుకుని తగలబెట్టమన్నాడు. కొందరు బిషప్పులు ప్రాణభయంతో గ్రంథాలు అప్పగించారు. హింస ఆగాక లెక్కలు తేల్చుకునే రోజు వచ్చింది. కార్తేజు బిషప్పుగా ఎన్నికైన సిసీలియానును అభిషేకించినవారిలో ఒకరు గ్రంథాలు అప్పగించిన ద్రోహి అని, కాబట్టి ఆ అభిషేకం చెల్లదని ఒక వర్గం విడిపోయింది. వాళ్ళే దొనాతిస్టులు. ద్రోహి చేతిలో దైవకృప ఉండదు, లేనిదాన్ని ఎలా ఇస్తాడన్నది వాళ్ళ వాదం. చిత్తశుద్ధి లేని పూజ దండగ అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన తెలుగు చెవికి ఈ వాదం వెంటనే నచ్చుతుంది. నచ్చడం తప్పేమీ కాదు. వాళ్ళు అడిగింది పవిత్రతనే.

కానీ ఆ దారిలో నాలుగడుగులు వేస్తే కాళ్ళ కింద నేల ఉండదు. బిషప్పు పాపి అయితే అతను అభిషేకించిన గురువులు (ఫాదర్లు) గురువులు కారు. వాళ్ళిచ్చిన జ్ఞానస్నానాలు జ్ఞానస్నానాలు కావు. ఎవరి హృదయంలో ఏ పాపం దాగి ఉందో తెలియదు కాబట్టి, తాను క్రైస్తవుణ్ణేనని ఒక్కడు కూడా ధైర్యంగా చెప్పుకోలేడు. ఉత్తర ఆఫ్రికా బిషప్పు పునీత (సెయింట్) అగుస్తీను దీనికి అడ్డం నిలిచాడు. జ్ఞానస్నానం పేతురు ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే, క్రీస్తును పట్టించిన యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అన్నాడు. రాతి కాలువ సంగతీ ఎత్తాడు. కాలువ రాయి మీద ఏదీ మొలవదు, అయినా దాని మీదుగా పారిన నీరు తోటను పండిస్తుంది. చెన్నైవాళ్ళకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కర్లేదు. 1996 నుంచి కృష్ణ నీళ్ళు తెలుగుగంగ కాలువలో పూండి దాకా వచ్చి ఈ ఊరి దాహం తీరుస్తున్నాయి. నీళ్ళు కాలువవి కావు, కృష్ణవి.

అయితే అదే కాలువ ఇంకో విషయం కూడా చెబుతుంది. కండలేరు జలాశయం దగ్గర షట్టర్ ఎత్తకపోతే చుక్క రాదు. షట్టర్ ఎత్తే ఉద్యోగి మంచివాడా, తాగుబోతా, చెన్నై అంటే ఇష్టమున్నవాడా అన్నదానితో నీళ్ళకు పనిలేదు. కానీ ఎవరో ఒకరు ఎత్తాలి, ఎత్తాలనుకుని ఎత్తాలి. సంస్కారం ఇచ్చేవారి పవిత్రతకూ సంకల్పానికీ ఉన్న తేడా ఇదే. మొదటిది లేకపోతే ఇచ్చినవారి ఆత్మకు నష్టం. తిరుసభ దాన్ని తేలిగ్గా తీసుకోదు, పాపంలో ఉండి సంస్కారం జరిపే గురువు తన మీదికి తీర్పు తెచ్చుకుంటున్నాడనే చెబుతుంది. రెండోది లేకపోతే మాత్రం పుచ్చుకునేవారికి సంస్కారమే అందదు.

పవిత్రత లేకపోయినా సరే, మరి విశ్వాసమైనా ఉండాలి కదా అన్నది తరువాతి మెట్టు. మూడో శతాబ్దంలోనే కార్తేజు బిషప్పు పునీత సిప్రియానుకూ, రోములో పాపుగారైన (పోప్) స్తెఫానుకూ దీని మీద గట్టి వాదం నడిచింది. తిరుసభ నుంచి వేరుపడ్డవాళ్ళు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదని సిప్రియాను పట్టుబడితే, మళ్ళీ ఇవ్వకూడదని స్తెఫాను నిలబడ్డాడు. చివరికి రోము మాటే నిలిచింది. 866లో బల్గేరియన్లు ఇంకో చిక్కు తెచ్చారు. క్రైస్తవుడో అన్యుడో తెలియని ఒక యూదుడు తమవాళ్ళలో చాలామందికి జ్ఞానస్నానం ఇచ్చాడు, వాళ్ళ సంగతేమిటని అడిగారు. త్రిత్వ నామంలో, అంటే పిత, పుత్ర, పవిత్రాత్మ నామంలో, ఇచ్చి ఉంటే మళ్ళీ ఇవ్వనక్కర్లేదని మొదటి నికోలాసు పాపుగారు రాశారు. 1439లో బిషప్పులు కూడిన ఫ్లోరెన్సు మహాసభ దీన్ని బల్లగుద్దినట్టు చెప్పింది: అవసరమైతే గురువే కాదు, గృహస్థుడైనా, స్త్రీ అయినా, అన్యమతస్థుడైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. తిరుసభ చెప్పిన విధంగా ఇవ్వాలి, తిరుసభ చేసేది చేయాలన్న సంకల్పం ఉండాలి, అంతే. ఇప్పుడు అమల్లో ఉన్న 1983 నాటి కానన్ చట్టమూ ఇదే మాట అంటుంది.

ఇక ఆ నర్సు దగ్గరికి వద్దాం. పాప బతికి బట్టకట్టి, మూడు నెలల తరువాత విచారణకు తెస్తే గురువు మళ్ళీ నీళ్ళు పోయరు. ముందు ఏం జరిగిందో కనుక్కుంటారు. నీళ్ళేనా, ఇంకేదైనా ద్రవమా? ఒంటి మీద పారాయా, తడి దూదితో అద్దారా? ఏ మాట అన్నారు? అన్నదీ పోసిందీ ఒక్కరేనా? వీలైతే నర్సునే పిలిచి అడుగుతారు: "ఏమనుకుని పోశావమ్మా?" ఆమె "వాళ్ళ చర్చిలో బిడ్డలకు ఏం చేస్తారో అదే చేద్దామని" అంటే ఆ జవాబు చాలు. జన్మపాపం గురించి ఆమెకు తెలియనక్కర్లేదు, త్రిత్వాన్ని నమ్మనక్కర్లేదు. తైలాభ్యంగనం, తెల్లబట్ట, వెలిగించిన కొవ్వొత్తి లాంటి మిగిలిన ఆచారాలు మాత్రం జరిపి, రిజిస్టరులో ఆసుపత్రి తేదీనే జ్ఞానస్నానం తేదీగా రాస్తారు.

ఇంత తక్కువతో సరిపెట్టుకునేటప్పుడు సంకల్పం అనే షరతు మాత్రం ఎందుకు? నీళ్ళూ మాటలూ చాలవా? దీనికి జవాబు చెన్నైలోనే ఉంది, కోడంబాక్కంలో. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలు ఇక్కడి స్టూడియోల్లోనే తీశారు. ఆ ఫ్లోర్ల మీద పడిన మూడుముళ్ళకు లెక్కలేదు. పురోహితుడి వేషం కట్టిన జూనియర్ ఆర్టిస్టు నిజంగా మంత్రాలు వచ్చినవాడే కావచ్చు. పసుపుతాడు నిజం, తలంబ్రాలు నిజం, సన్నాయి నిజం. డైరెక్టర్ "కట్" అనగానే హీరో ఒక మేకప్ రూములోకి, హీరోయిన్ ఇంకో మేకప్ రూములోకి వెళ్ళిపోయారు. ఆ ఇద్దరికీ పెళ్ళయిందని ఎవరూ అనరు. అక్కడ అందరి సంకల్పమూ సీను పండాలన్నదే. చర్చి సీనులో ఫాదర్ వేషగాడు పసిబిడ్డ తల మీద నీళ్ళు పోసినా ఇంతే. ఆ వేషం కట్టినవాడు నిజంగానే గురుపట్టం పొందినవాడైనా ఇంతే. సంకల్పం అక్కర్లేదంటే సంస్కారం మంత్రతంత్రంగా మారిపోతుంది. ఎవరు, ఎందుకు, ఏమనుకుని పలికినా పనిచేసే మాటలు దేవుణ్ణి కట్టిపడేసే మాటలవుతాయి. కథోలిక విశ్వాసం ఒప్పుకోనిది సరిగ్గా ఇదే. సంస్కారం మనిషి చేసే పని. తెలిసి, కావాలని చేస్తేనే అది మనిషి పని.

ఆటకూ సంస్కారానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం ఎప్పుడూ తేలిక కాదు. అలెగ్జాండ్రియా బిషప్పు ఒకరోజు సముద్రపు ఒడ్డున పిల్లలు ఆడుకోవడం చూశాడట. శాంతోమ్ కథీడ్రల్ వెనక ఇసుకలో ఏ సాయంత్రమైనా కనిపించే పిల్లల లాంటివాళ్ళే. వాళ్ళలో ఒకడు బిషప్పై మిగిలినవాళ్ళకు జ్ఞానస్నానం ఇస్తున్నాడు. పిలిపించి, ఏమడిగావు, వాళ్ళేం చెప్పారు, ఏ మాటన్నావు అని వివరంగా విచారించి, అంతా తిరుసభ పద్ధతిలోనే జరిగింది కాబట్టి మళ్ళీ ఇవ్వనక్కర్లేదని తేల్చాడట. ఆ పిల్లాడే తరువాత మహా వేదపండితుడైన పునీత అతనాసియు. ఇది పాతకాలపు తిరుసభ చరిత్ర రచయిత రుఫీను రాసిపెట్టిన కథ, చరిత్రకారులు దీన్ని పెద్దగా నమ్మరు. కథ నిజమైనా కాకపోయినా బిషప్పు విచారించిన తీరు గమనించదగ్గది. ఆటే అయినా పిల్లలు దాన్ని మనస్ఫూర్తిగా ఆడారా అన్నదే అతను చూశాడు. నాటకంలో, వేళాకోళానికి ఇచ్చిన జ్ఞానస్నానం సంగతి అడిగితే అగుస్తీనే తేల్చకుండా దేవుడి తీర్పుకు వదిలేశాడు.

తిరుసభ దీన్ని చట్టంగా తేల్చింది 1547 మార్చి 3న, త్రెంతు మహాసభ ఏడో సమావేశంలో. సంస్కారాలు జరిపేవారిలో "కనీసం తిరుసభ చేసేది చేయాలన్న" సంకల్పం కూడా అక్కర్లేదని ఎవరన్నా అంటే వాళ్ళు బహిష్కృతులని పదకొండో నిబంధన. ఇక్కడ "కనీసం" అన్న మాట బంగారం లాంటిది. తిరుసభ గీతను కావాలనే అట్టడుగున గీసింది. తిరుసభ నమ్మేది నమ్మాలి అనలేదు, తిరుసభ కోరే ఫలితమే కోరాలి అనలేదు, చేసేది చేయాలి అంది. సంస్కారం అందుకునే పేదవాడి వైపు నిలబడి చూస్తే ఇందులోని దయ కనబడుతుంది.

మరి పరధ్యానం? విశ్వాసులను ఎక్కువగా వేధించేది నిజానికి ఇదే. ఆదివారం మూడో పూజ చెబుతున్న ఫాదర్‌గారి మొహంలో అలసట, మాటల్లో యంత్రంలాంటి వేగం, మధ్యలో కన్ను గడియారం మీదికి. ఇది పూజేనా? ముమ్మాటికీ పూజే. పదమూడో శతాబ్దపు వేదపండితుడు పునీత అక్వినా తోమా నాడే ఈ ప్రశ్నకు జవాబిచ్చాడు, తరువాతివాళ్ళు దాన్ని వర్గాలుగా విడదీశారు. పెరంబూరులో బయల్దేరి సెంట్రల్ స్టేషనుకు వెళ్ళే మనిషి దారిపొడవునా "సెంట్రల్, సెంట్రల్" అని జపించడు. ఫోన్‌లో ఆఫీసు గొడవ మాట్లాడుతుంటాడు. అయినా ఎక్కిన బస్సు, దిగిన స్టాపు, దాటిన రోడ్డు అన్నీ ఇంట్లో బయల్దేరేటప్పటి నిర్ణయం నడిపించినవే. వస్త్రాలు వేసుకుని పీఠం వైపు నడిచే గురువు సంకల్పం కూడా అంతే. ధ్యాస చెదిరినా పని వెనక అది పనిచేస్తూనే ఉంటుంది. అదే ఫాదర్ నిద్రలో కలవరిస్తూ అవే మాటలు అంటే మాత్రం ఏమీ జరగదు. అలవాటుగా మనసులో పడి ఉన్న కోరిక ఆ పనిని నడిపించడం లేదు కాబట్టి. ధ్యాస లేకపోవడం భక్తి లోపం, సరిదిద్దుకోవాల్సిందే, కానీ అది సంకల్ప లోపం కాదు.

ఈ విషయంలో తిరుసభ ఎంత సూక్ష్మంగా ఆలోచించిందో చూడాలంటే 1570 నాటి రోమను పూజాగ్రంథం తిరగేయాలి. పూజలో రాగల లోపాలను చెప్పే భాగంలో సంకల్పానికి ఒక అధ్యాయమే ఉంది. గురువు ముందు పదకొండు అప్పాలున్నాయి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ప్రతిష్ఠించే రొట్టెలు. ఏ పదో నిర్ణయించుకోకుండా పదింటినే ప్రతిష్ఠించాలనుకున్నాడు. అప్పుడు ఒక్కటీ ప్రతిష్ఠ కాదు. ఎందుకంటే ఆ సంకల్పం ఏ అప్పం మీదా వాలలేదు. అదే, పదే ఉన్నాయని పొరబడి, ముందున్నవన్నీ ప్రతిష్ఠించాలనుకుంటే పదకొండూ ప్రతిష్ఠ అవుతాయి. లెక్క తప్పినా సంకల్పం తప్పలేదు. కనబడుతున్నవాటినే అనుకుని చేసినప్పుడు, చాటున ఉండిపోయినవి ప్రతిష్ఠ కావు. అందుకే ఎదుట పరిచిన గుడ్డ మీద ఉన్నవన్నీ ప్రతిష్ఠిస్తున్నానని గురువులు ముందే ఒక స్థిర సంకల్పం చేసుకోవాలని ఆ గ్రంథమే సలహా ఇస్తుంది. బీసెంట్ నగర్ వేళాంకణి మాత గుడిలో ఆగస్టు 29న జెండా ఎక్కింది మొదలు సెప్టెంబర్ 8 దాకా వచ్చే జనాన్ని తలచుకుంటే, పీఠం మీద వరుసగా పెట్టే పాత్రల విషయంలో ఈ సలహా విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే ఆ మూల. ఒక గురువు నిజమైన గుడిలో, నిజమైన నీళ్ళతో, అక్షరం పొల్లుపోకుండా అంతా చేస్తాడు. లోపల మాత్రం "నేను ఇది చేయడం లేదు" అని గట్టిగా అనుకుంటాడు. ఆ బిడ్డ సంగతి? ఆ బిడ్డ పెరిగి గురువై, బిషప్పైతే? త్రెంతు కాలంలోనే కతారినో అనే దొమినికను సన్యాస సభ పండితుడు ఈ భయంతోనే ఒక వాదం చేశాడు: బయటికి అంతా గంభీరంగా, తిరుసభ చెప్పినట్టు చేస్తే చాలు, లోపలి మాట లెక్కలోకి రాదు. వినడానికి ఊరటగానే ఉంటుంది. కానీ ఆచారమంతా బయటికి పాటిస్తూ, తిరుసభ చేసేది చేయనని హృదయంలో నిశ్చయించుకున్నవాడు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లుతుందన్న ప్రతిపాదనను 1690లో ఎనిమిదో అలెగ్జాండర్ పాపుగారు ఖండించారు. కతారినో వాదాన్ని అది సూటిగా కొట్టేసిందా లేదా అని కొందరు పండితులు ఇంకా వాదించారు గానీ, ఆ తరువాత దానికి బలం తగ్గిపోయింది.

మరి విశ్వాసి ఏ ధైర్యంతో బతకాలి? అక్వినా తోమా చెప్పింది ఇక్కడ అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది. గురువు తన సొంత మనిషిగా మాట్లాడడు, తిరుసభ మొత్తానికి ప్రతినిధిగా మాట్లాడతాడు. అతను పలికే మాటల్లోనే తిరుసభ సంకల్పం ఉంది. దానికి విరుద్ధమైనది బయటికి కనబడితే తప్ప ఆ మాటలు చాలు. 1896లో పదమూడో లియో పాపుగారు దీన్నే న్యాయసూత్రంగా రాశారు: లోపలి మనసు స్వతహాగా లోపలిది కాబట్టి తిరుసభ దాని మీద తీర్పు చెప్పదు, బయటికి వ్యక్తమైనంత వరకే చెప్పాలి. సరైన పదార్థంతో, సరైన మాటతో గంభీరంగా చేసినవాడు తిరుసభ చేసేదే చేయాలనుకున్నాడని భావిస్తుంది. ఇది గణితంలో వచ్చే నిశ్చయం లాంటిది కాదు. అమ్మ పెట్టిన అన్నం తినేటప్పుడు ఉండే నిశ్చయం లాంటిది. మనుషుల మధ్య అంతకు మించిన నిశ్చయం దొరకదు. దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి ముడిపెట్టాడు గానీ తానే తన సంస్కారాలకు కట్టుబడిపోలేదని తిరుసభ సత్యోపదేశం చెబుతోంది. ఒక గురువు దొంగబుద్ధి పసిబిడ్డకు దేవుణ్ణి దూరం చేయగలదని ఎవరూ భయపడనక్కర్లేదు.

లియో పాపుగారు ఆ సూత్రం రాసిన సందర్భం ఆంగ్లికను (ఇంగ్లండు సంఘం) గురుపట్టాల గురించి. అభిషేక ఆచారాన్నే కావాలని మార్చుకున్నప్పుడు ఆ మార్పులో కొత్త సంకల్పం బయటపడిందని, అందువల్ల ఆ పట్టాలు చెల్లవని ఆయన తీర్పు. ఆంగ్లికను సోదరులను ఇది నేటికీ నొప్పించే తీర్పే. చెన్నైలో ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన సంగతి కాదు. ఆంగ్లికనులూ మరికొన్ని సంఘాలూ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా (సీఎస్‌ఐ) ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న ఈ ఊరి సెయింట్ జార్జి కథీడ్రల్‌లోనే. సీఎస్‌ఐ అమ్మాయి, కథోలిక అబ్బాయి పెళ్ళి చేసుకోవడం తెలుగు కుటుంబాల్లో మామూలే. ఆమె బాప్తిస్మం కథోలిక జ్ఞానస్నానంతో సమానమేనా? నీళ్ళతో, త్రిత్వ నామంలో జరిగితే సమానమే, మళ్ళీ ఇవ్వకూడదు. ఇచ్చిన పాస్టరు నమ్మకంలో తేడా ఉన్నంత మాత్రాన అది చెల్లకపోదని, తగిన కారణం లేకుండా సంకల్పాన్ని శంకించకూడదని 1993 నాటి రోము మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొన్ని పెంతెకోస్తు సంఘాల్లో "యేసు నామంలో" మాత్రమే ఇచ్చే బాప్తిస్మం సంగతి వేరు. అక్కడ లోపం సంకల్పానిది కాదు, మాటది.

మాటలో లోపం ఉంటే మంచి సంకల్పం దాన్ని పూడ్చగలదా? 2020 ఆగస్టులో రోము ఇచ్చిన తీర్పు తెలుగువాళ్ళకు ఇంకొంచెం స్పష్టంగా అర్థమవుతుంది. కొన్నిచోట్ల "నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనే బదులు కుటుంబం, సంఘం అందరి తరఫునా "మేము ఇస్తున్నాము" అనడం మొదలుపెట్టారు. అది చెల్లదని రోము తేల్చింది. తెలుగులో ఆ తేడా అంతా క్రియ చివర ఒక్క అక్షరం: ఇస్తున్నాను, ఇస్తున్నాము. పైగా మన పెద్దలు ఒక్కరే ఉన్నా "మేము" అనడం మర్యాదగా చెల్లుతుంది. అంతమాత్రానికే సంస్కారం పోవాలా అనిపిస్తుంది. కానీ తెలుగులో మేము వేరు, మనము వేరు. ఇంగ్లిష్‌లో రెండూ ఒకే మాట. "మేము" అన్నప్పుడు ఒక గుంపు ముందుకొచ్చి తానే కర్తగా నిలబడుతోంది. గురువు "నేను" అన్నప్పుడు ఆ నేను క్రీస్తుది, గురువు గొంతు మాత్రమే అరువు. తూర్పు సంఘాల్లో "దేవుని సేవకుడు జ్ఞానస్నానం పొందుతున్నాడు" అంటారు, అక్కడ నేను అనే మాటే లేదు, అయినా ఫ్లోరెన్సు మహాసభ దాన్ని ఒప్పుకుంది. అంటే "నేను" మంత్రాక్షరం కాదు. క్రీస్తు చోటును ఇంకెవరూ ఆక్రమించకపోవడమే అసలు విషయం.

ఆ తీర్పు చదివాక అమెరికాలో డెట్రాయిట్ అగ్రపీఠానికి చెందిన ఒక యువ గురువు తన జ్ఞానస్నానం వీడియో చూసుకున్నారు. 1990లో డీకన్ (గురువుకు కింది మెట్టు సేవకుడు) "మేము" అన్నట్టు అందులో స్పష్టంగా వినబడింది. అంటే ఆయనకు జ్ఞానస్నానం లేదు, కాబట్టి 2017లో పొందిన గురుపట్టమూ లేదు. కొద్ది రోజుల్లో ఆయన జ్ఞానస్నానం నుంచి గురుపట్టం దాకా అన్నీ మొదటి నుంచి పొందారు. "తిరుసభ లోటు పూరిస్తుంది కదా" అని చాలామంది అప్పుడు అడిగారు. తిరుసభ పూరించగలిగేది అధికారంలోని లోటును. సంస్కారాల సారం క్రీస్తు ఏర్పరచింది, దాన్ని తిరుసభ మార్చలేదు. 2024 ఫిబ్రవరిలో రోము నుంచి వచ్చిన పత్రం ఇంకో మెట్టు వివరించింది. సంకల్పం మనసులో విడిగా దాచుకున్న భావం కాదు, పదార్థంలోనూ మాటలోనూ బయటికి కనబడాలి. మాటను సొంత ఇష్టం కొద్దీ మార్చేవాడు, ఎంత మంచి మనసుతో మార్చినా, తిరుసభ చేసేది చేయాలన్న సంకల్పాన్నే అనుమానంలో పడేస్తాడు.

వివాహంలో ఈ బరువంతా గురువు నుంచి వధూవరుల మీదికి మారుతుంది. లాటిను తిరుసభ బోధ ప్రకారం జ్ఞానవివాహాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వాళ్ళే. గురువు తిరుసభ తరఫున ఆ మాట స్వీకరిస్తారు, ఆశీర్వదిస్తారు. కాబట్టి సంకల్పం ఉండాల్సింది ఆ ఇద్దరిలో. నోటితో అన్న మాటే మనసులో మాటని చట్టం మొదట నమ్ముతుంది. కానీ "విడిపోవాల్సొస్తే విడిపోతాను" అనో, "పిల్లలు అస్సలు వద్దు" అనో ఆ రోజే మనసులో గట్టిగా తీర్మానించుకుని మాట ఇచ్చినట్టు రుజువైతే ఆ వివాహం మొదటి నుంచీ లేనట్టే. మేత్రాసన (బిషప్పు పరిధిలోని) న్యాయస్థానాల్లో సాక్షులను పిలిచి విచారించే విషయాల్లో ఇదొకటి. ఇంట్లోవాళ్ళ బలవంతం మీద తలవంచిన పిల్లల సంగతి విచారణ గురువులు పెళ్ళికి ముందే, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగేది ఇందుకే. ఆ ప్రశ్నలను లాంఛనంగా దాటేయమని పెద్దలు తొందరపెట్టడం పిల్లలకు చేసే అన్యాయం.

తనకు దివ్యసత్ప్రసాదం (పూజలో ప్రతిష్ఠించిన అప్పం) మొదటిసారి ఇచ్చిన గురువు తరువాత ఘోరమైన తప్పులో దొరికాడని, లేదా విశ్వాసమే వదిలేశాడని తెలిసి కుమిలిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోపం న్యాయమైనది. ఆ గురువు లెక్క చెప్పుకోవాల్సిందే. కానీ వాళ్ళు అందుకున్నది అందుకున్నట్టే ఉంది. అతని చెడు వెనక్కి వెళ్ళి దాన్ని చెరపలేదు. జ్ఞానస్నానం విషయంలో నిజమైన అనుమానం మిగిలితే, రిజిస్టరు దొరక్క, సాక్షి లేక, విచారించినా తేలకపోతే, తిరుసభ దానికీ ఒక వాక్యం ఉంచింది. గురువు నీళ్ళు పోస్తూ ముందుగా "నీవు ఇదివరకు జ్ఞానస్నానం పొంది ఉండకపోతే" అని చేర్చి మిగిలిన మాట పలుకుతారు. మామూలుగా దీన్ని అందరి ముందూ జరపరు.